అమెరికాలో కారు అద్దం పగలగొట్టారు.. పోలీసులకి చెప్తే వీసాకి ప్రాబ్లమా?

ఈరోజు షూటింగ్‌ల గురించి మాట్లాడట్లేదు. అవి న్యూస్‌లో వస్తాయి, ఇంటి నుంచి అమ్మ వెంటనే ఫోన్ చేస్తుంది. నేను చెప్పేది న్యూస్‌లో రాని చిన్న నేరాల గురించి. కారు అద్దం పగలగొట్టి బ్యాగ్ పట్టుకెళ్లడం, గుమ్మం ముందు పార్సిల్ మాయమవడం లాంటివి. అమెరికాలో మనవాళ్లకి ఎక్కువగా ఎదురయ్యేవి ఇవే.

కొత్తగా వచ్చినప్పుడు ఇక్కడి ఇళ్లు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. చాలా ఇళ్లకి ప్రహరీ గోడ ఉండదు, కిటికీలకి గ్రిల్స్ ఉండవు. డెలివరీ అబ్బాయి పార్సిల్ గుమ్మం ముందు పెట్టి, ఫోటో తీసుకుని వెళ్లిపోతాడు. "ఇక్కడ దొంగలే ఉండరేమో" అనిపిస్తుంది. తర్వాత ఒకరోజు కారు అద్దం పగులుతుంది. ఫోన్ చేస్తే పోలీసులు రారు, "ఆన్‌లైన్‌లో రిపోర్ట్ ఇవ్వండి" అంటారు. అప్పుడేమో "ఇక్కడ అసలు చట్టమే లేదు" అనిపిస్తుంది. రెండూ కరెక్ట్ కాదు.

పోలీసులు ఎందుకు రారు?

ప్రాణాలకి ప్రమాదం ఉన్న కాల్స్‌కే ముందు వెళ్తారు. దొంగ ఎవరో తెలియదు, ఎప్పుడో పారిపోయాడు అంటే, శాన్‌ఫ్రాన్సిస్కో లాంటి సిటీల్లో ఆన్‌లైన్ రిపోర్టే దారి. మీకు ఒక రిపోర్ట్ నంబర్ వస్తుంది. బ్యాగ్ దొరుకుతుందని గ్యారెంటీ లేదు. కానీ ఆ నంబర్ చాలా ముఖ్యం, ఎందుకో చెప్తాను.

దానికంటే ముందు ఒక అపోహ. "కాలిఫోర్నియాలో 950 డాలర్ల లోపు దొంగతనం నేరమే కాదు" అని మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూ ఉంటుంది. అది తప్పు. 2014లో వచ్చిన ప్రాపొజిషన్ 47 ప్రకారం అది మిస్‌డిమీనర్, అంటే చిన్న స్థాయి నేరం. దానికి కూడా జైలు శిక్ష పడొచ్చు. పదే పదే దొరికేవాళ్ల మీద 2024లో ప్రాపొజిషన్ 36తో మళ్లీ కఠినం చేశారు. ఇంకో విషయం తెలుసా? చాలా స్ట్రిక్ట్ అని పేరున్న టెక్సాస్‌లో దొంగతనం పెద్ద నేరం కావాలంటే ఆ లిమిట్ 2,500 డాలర్లు!

రిపోర్ట్ నంబర్ ఎందుకు?

ఒకటి, ఇన్సూరెన్స్. పగిలిన అద్దానికి కారు ఇన్సూరెన్స్‌లో కాంప్రిహెన్సివ్ కవరేజ్ ఉండాలి. లోపల పోయిన లాప్‌టాప్‌కి అది వర్తించదు. దానికి రెంటర్స్ ఇన్సూరెన్స్ కావాలి. ముందు మన జేబులోంచి పెట్టుకోవాల్సిన డిడక్టిబుల్ ఎంతో కూడా చూసుకోండి.

రెండు, పాస్‌పోర్ట్. అది బ్యాగ్‌తో పాటు పోతే కొత్తది అప్లై చేయడానికి పోలీస్ రిపోర్ట్ కావాలి. వీసా స్టాంప్ పోయింది కాబట్టి వెంటనే దేశం వదిలి వెళ్లిపోవాలా? అక్కర్లేదు. మీరు ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పేది ఐ-94 రికార్డు. దాన్ని సీబీపీ వెబ్‌సైట్‌లో మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. వీసా స్టాంప్ మాత్రం అమెరికాలో మళ్లీ వేయరు. బయటికి వెళ్లి తిరిగి రావాలంటే అక్కడి ఎంబసీలోనో కాన్సులేట్‌లోనో కొత్తది తీసుకోవాలి.

అసలు భయం

ఇంత ఉపయోగం ఉన్నా చాలామంది రిపోర్ట్ ఇవ్వరు. "పోలీస్ స్టేషన్ మెట్లెక్కకూడదు" అని చిన్నప్పటి నుంచి విన్నాం కదా. దానికి తోడు "రికార్డుల్లో పేరెక్కితే హెచ్1బీకి ప్రాబ్లం అవుతుందేమో" అనే డౌటు. వీసా కోసం నింపే డీఎస్-160 ఫామ్‌లో ఉండే ప్రశ్న, మీరు ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా, శిక్ష పడిందా అని. మీ వస్తువు ఎవరైనా దొంగిలించారా అని కాదు. పోగొట్టుకున్నవాడు వేరు, దొంగతనం చేసినవాడు వేరు.

ఆ రెండోదాన్ని మాత్రం అస్సలు తేలిగ్గా తీసుకోకండి. సెల్ఫ్ చెకౌట్‌లో ఒక వస్తువు స్కాన్ చేయకుండా బ్యాగ్‌లో వేసుకోవడం కొంతమందికి చిన్న సరదా. సిటిజన్‌కి జరిమానాతో పోయేది మనకి వీసా రద్దు దాకా వెళ్లొచ్చు. ఇండియాలోని అమెరికన్ ఎంబసీ కూడా 2025 జులైలో, దొంగతనం, దాడి లాంటివి చేస్తే వీసా రద్దు కావొచ్చని, మళ్లీ వీసాకి అర్హత పోవచ్చని హెచ్చరించింది.

మన ఈ భయం స్కామర్లకి బాగా తెలుసు. "ఇమిగ్రేషన్ ఆఫీస్ నుంచి మాట్లాడుతున్నాం, మీ మీద కేసు ఉంది, గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పండి, లేదంటే డిపోర్ట్ చేస్తాం" అంటారు. ఏ ప్రభుత్వ ఆఫీసూ గిఫ్ట్ కార్డుల్లో డబ్బు తీసుకోదు. కట్ చేసేయండి. పోలీసులంటే భయపడి నిజమైన దొంగతనం దాచుకునేవాడే, ఫోన్‌లో దొంగ పోలీసుకి డబ్బు కట్టే ప్రమాదం ఎక్కువ.

గుర్తుపెట్టుకోండి

దొంగ ఇంకా అక్కడే ఉంటే 911. వెంటపడకండి, వాడి దగ్గర గన్ ఉండొచ్చు. దొంగ వెళ్లిపోయాక తెలిస్తే, మీ సిటీ పోలీసుల నాన్-ఎమర్జెన్సీ నంబర్ లేదా వెబ్‌సైట్. ఆ నంబర్ ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. పాస్‌పోర్ట్, వీసా, ఐ-94 స్కాన్ కాపీలు మీ మెయిల్‌లో ఉంచుకోండి. కారు దిగేటప్పుడు సీటు మీద ఖాళీ బ్యాగ్ కూడా వదలకండి, అది ఖాళీదని దొంగకి తెలియదు.

అమ్మానాన్న ఇక్కడికి వచ్చినప్పుడు వాళ్లకి 911 నంబర్, ఇంటి అడ్రస్, "తెలుగు" అనే ఒక్క మాట నేర్పండి. చాలా సెంటర్లలో ఫోన్ లైన్‌లోకే ఇంటర్‌ప్రెటర్‌ని కలుపుతారు. మీరు ఆఫీసులో ఉన్నప్పుడు ఇంట్లో ఉండేది వాళ్లే కదా.

వచ్చే ఎపిసోడ్‌లో రెంటర్స్ ఇన్సూరెన్స్ పాలసీ ఎలా చదవాలో చూద్దాం. అప్పటిదాకా జాగ్రత్త, బై!