అరిగింది తోలు కాదు, పైపూత
కారు లెదర్ సీట్లు: అపోహలు – వాస్తవాలు

పాత కారు తలుపు తీయగానే ముందుగా కంటబడేది డ్రైవరు సీటు కుడి అంచు. మిగతా సీట్లన్నీ నిగనిగలాడుతున్నా అక్కడ మాత్రం రంగు పోయి, సన్నటి గీతలు పడి, ఒక్కోచోట పీచు తేలి ఉంటుంది. ఎక్కినా దిగినా ఒంటి బరువు ఆ అంచు మీదుగానే జారుతుంది. జీన్స్ కుట్లు, బెల్టు, వెనక జేబులోని పర్సు రాసుకునేదీ అక్కడే. దాన్ని చూసి తలా ఒక సలహా చెబుతారు. ఆ సలహాల్లో చాలావాటివల్ల సీటు ఇంకాస్త పాడవుతుంది. మన పెద్దలు ఎరిగిన తోలూ, కారు సీటు తోలూ ఒకటే అనుకోవడమే అసలు చిక్కు.

అపోహ: తోలు ఎండి పగిలింది, నూనె పట్టిస్తే మెత్తబడుతుంది.

మా తాత కిర్రుచెప్పులకు ఆముదం పట్టించి నీరెండలో పెట్టేవాడు. ఆ చెప్పులకు అది సరైన పనే. అప్పట్లో తోళ్లను తంగేడు చెక్కతో, కరక్కాయతో పదును చేసేవారు. పైన ఏ పూతా లేదు కనుక ఆముదం తిన్నగా పీచులోకి దిగేది. కారు తోలు సంగతి వేరు. క్రోమియం లవణాలతోనో మరో రసాయనంతోనో పదును చేసిన తోలు మీద రంగు పూసి, ఆపైన పాలీయురెథేన్ పొర వేస్తారు. తోలు మందం మిల్లీమీటరు పైచిలుకు ఉంటే, ఈ పూతల మందం అందులో పదో వంతుకు లోపే. మీరు సీటు మీద చెయ్యి వేస్తే తగిలేది ఆ పొరే. నూనె దాన్ని దాటిపోలేదు. పైనే జిడ్డుగా నిలిచి దుమ్ము పట్టుకుంటుంది. పగుళ్లు ఉన్నచోట లోపలికి ఇంకి మరక కడుతుంది. రేపు మంచి పనివాడి దగ్గరికి తీసుకెళ్లినా ఆ జిడ్డు మీద రంగు నిలవదు. కొబ్బరినూనె అయినా ఆలివ్ నూనె అయినా ఇంతే. సీసాల్లో దొరికే కండిషనర్ క్రీము కూడా ఒకసారి పడిన పగులును పూడ్చలేదు.

ఆ పొరను తినేసేది చెమట, తలనూనె, ఒంటి జిడ్డు, వాటికి అంటుకున్న దుమ్ము. మనం కదిలినప్పుడల్లా ఆ దుమ్ము గరుకు కాగితంలా రాస్తుంది. అందుకే నూనె సీసా పక్కనపెట్టి, నీళ్లలో ముంచి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో రెండు వారాలకోసారి తుడవండి. బట్టల సబ్బు మాత్రం వద్దు. తోలుది ఆమ్లగుణం, సబ్బుది క్షారగుణం. ఎండలో ఆపినప్పుడు అద్దానికి తెర వేయడం కూడా అంతే ముఖ్యం.

అపోహ: నీటి చుక్కను పీల్చుకోకపోతే అది అసలు తోలు కాదు.

పూత ఉన్న తోలు నీటిని పీల్చదు, పీల్చకూడదు కూడా. చుక్క వేయగానే నల్లబడితే అది పైపూత లేని తోలు. కొన్ని ఖరీదైన కార్లలో వాడతారు, దాని సంరక్షణ వేరు. తోలా కాదా తేల్చుకోవాలంటే సీటు అడుగున అంచు తిరగేసి చూడండి. వెనక పీచు పీచుగా ఉంటే తోలు, నేసిన గుడ్డ కనిపిస్తే రెగ్జిన్. చాలా కార్లలో ఒంటికి తగిలే భాగం మాత్రమే తోలు, పక్కలూ సీటు వెనకవైపూ రెగ్జినే. డబ్బు పెట్టేముందు ఈ తేడా తెలియాలి. పాలీయురెథేన్ రెగ్జిన్ ఉక్కకూ వేడికీ లోలోపల విరిగి, పొలుసులుగా రాలుతుంది. రాలడం మొదలైనదాని మీద ఏ రంగూ నిలవదు. ఆ ముక్క మార్చడం తప్ప దారి లేదు. రంగు వేసి బాగుచేస్తామంటే ఒప్పుకోకండి.

అపోహ: నల్ల సీటే కదా, బూటు పాలిష్ చాలు.

బూటు పాలిష్ మైనపు పూత. వేసవిలో కారు లోపలి వేడికి కరిగి, మీ తెల్ల చొక్కాకు అంటుకుంటుంది.

అపోహ: ఇంత అరిగాక సీటంతా మార్చాల్సిందే.

పూత మాత్రమే పోయి తోలు గట్టిగా ఉంటే మార్చనక్కర్లేదు. పనివాడు ముందు జిడ్డంతా తీసి, ఆల్కహాల్‌తో తుడిచి, సన్న గరుకు కాగితంతో నునుపు చేస్తాడు. పగుళ్లలో సాగే గుణమున్న ఫిల్లర్ నింపుతాడు. తరువాత రంగును పలచగా, ఒక్కో పూత ఆరాక మరొకటి వేసి, చివర రక్షణ పూత వేస్తాడు. రంగు కలిపేది కంపెనీ పట్టీ చూసి కాదు, మీ సీటు ఇప్పుడున్న ఛాయ చూసి. ఏళ్ల ఎండకు అది మారిపోయి ఉంటుంది. గాలి ఆడే రంధ్రాల సీటైతే అవి పూడకుండా చూడాలి.

ఇందులో చాలామంది దాటేసే మెట్టు ఒకటుంది. అరిగిన అంచు లోపలి ఫోమ్ నలిగి కుంగిపోయిందేమో నొక్కి చూడాలి. కుంగితే పైన తోలు వదులై ముడతలు పడుతుంది. ముడత మీద ఎంత మంచి రంగు వేసినా అదే గీత వెంట మళ్లీ పగులుతుంది. ముందు ఫోమ్, తరువాతే రంగు. తోలు పీచు దాకా చిరిగితే ఆ ఒక్క ముక్క కుట్లు విప్పి కొత్తది కుట్టవచ్చు. సీటంతా మార్చే ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ.

అపోహ: చిన్న చిరుగే, సూపర్ గ్లూతో అతికిస్తే సరి.

ఆ జిగురు ఆరాక గాజులా గట్టిపడుతుంది. తోలు మెత్తగా వంగుతుంది, జిగురు వంగదు. పక్కనే మరో చిరుగు మొదలవుతుంది. చిరుగు కింద బలమైన గుడ్డ ముక్క దూర్చి, సాగే జిగురుతో దానికి అతికించి, పైన ఫిల్లర్ వేయడం సరైన పద్ధతి.

అపోహ: కవరు తొడిగితే, లేదా ఊడిన కుట్టును గట్టి దారంతో వేయించుకుంటే చాలు.

కవరు కిందా దుమ్ము చేరి రాస్తూనే ఉంటుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఒకటుంది. చాలా కార్లలో ముందు సీట్ల పక్కభాగంలోనే ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. గుద్దుకున్న క్షణంలో అది అక్కడి కుట్టును చీల్చుకుని బయటికి రావాలి. ఆ కుట్టుకు వాడే దారం, కుట్టే తీరు అందుకే ప్రత్యేకం. దాని మీద బిగుతు కవరు వేసినా, నైలాను దారంతో గట్టిగా కుట్టినా బ్యాగ్ సమయానికి తెరుచుకోకపోవచ్చు. సీటు పనికి ఇచ్చేముందు పక్కన ‘ఎయిర్‌బ్యాగ్’ అన్న చీటీ ఉందేమో చూడండి. ఉంటే ఆ కుట్టును ఎయిర్‌బ్యాగ్ సీట్ల పని తెలిసినవాళ్ల చేత తప్ప ముట్టనివ్వకండి.