పలుకలేని బిడ్డకు పటములే పలుకులు



కాలు లేనివానికి ఊతకఱ్ఱ కావలెనని యొకరు చెప్పనక్కఱలేదు. చూపు తగ్గినవారికి కండ్లద్దములు తెప్పింతుము. బుద్ధివికాసము మందగించిన బిడ్డకు గూడ నట్టి సాధనములు కలవని మనలో నెందఱెఱుగుదురు?

మా వీధిలో పదునొకండేండ్ల బాలుడు కలడు. నడచును, పరుగెత్తును, మాట మాత్రము రాదు. కడప యెండలలో దాహమైనను, కడుపు నొచ్చినను వానికి దెలిసిన భాష యేడుపొక్కటియే. ఇరుగుపొరుగువారు దానికి మొండితనమని పేరు పెట్టిరి. తల్లి వానిని ఉపకరణములిచ్చు శిబిరమునకు గొనిపోగా, అచ్చటివారొకరు "కాళ్లు చక్కగా నున్నవి గదమ్మా, వీనికి పరికరమెందుకు?" అని పంపివేసిరి. ఆమె మాఱు పలుకక తిరిగివచ్చెను. ఆ మాట తప్పని నాడు మేమును ఎఱుగము.

తరువాత విచారించి తెలిసికొంటిమి. 1981 నుండి కేంద్ర ప్రభుత్వము నడుపుచున్న 'అడిప్' పథకమున చక్రముల కుర్చీలు, వినికిడి యంత్రములే కాక, ఇట్టి బిడ్డలకు బోధనసామగ్రి పెట్టెలును కలవు. వీరికొఱకే 1984లో సికింద్రాబాదున నెలకొన్న జాతీయ సంస్థ ఆ సామగ్రిని రూపొందించినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము పేర్కొన్న 21 వైకల్యములలో మేధోవైకల్యమును ఒకటి. కావున సాధనమడుగుట యాచన కాదు, హక్కు.

సాధనమనగా వెలగల యంత్రమే కానక్కఱలేదు. బొమ్మను తాకినంతనే మాట పలుకు ఏర్పాట్లు ఫోనులలో వచ్చినవి. అవి లేని యింట అట్టముక్కలు చాలును. నీళ్ల చెంబు, అన్నపు పళ్లెము, స్నానపుగది, కడుపుపై చేయి – ఈ నాలుగు బొమ్మలు అతికించి, బిడ్డ చేతికందునట్లు గోడకు వ్రేలాడదీయవలెను. మొదట నొక్క బొమ్మయే చూపుడు. నీళ్లిచ్చునప్పుడెల్ల ముందు చెంబు బొమ్మను వాని చేతికిచ్చి, "నీళ్లు" అని పలికి, వెంటనే యిండు. అది పట్టుపడిన పిమ్మట రెండవది. అల్లరి చేసినాడని యా అట్టలను దాచిపెట్టరాదు. అవి వాని నాలుక.

బొమ్మలకలవాటు పడినచో మాట యసలే రాదేమోయని తల్లులు భయపడుదురు. ఆ భయమునకు ఆధారము లేదని పరిశోధకులు తేల్చిరి; కొందఱు బిడ్డలకు మాట కొంత మెఱుగుపడుటయు కలదు.

మండలములందలి 'భవిత' కేంద్రములలో నిట్టి బిడ్డలకు శిక్షణ కలదు. సదరం ధ్రువపత్రము చేత నుంచుకొని అడుగుడు. ఒకరు కాదన్నంత మాత్రమున వెనుదిరుగకుడు.

ఆ తల్లియు ఇంటనే అట్టలు చేసి నెలల తరబడి ఓపికపట్టినది. ఒక మధ్యాహ్నము బాలుడు కడుపుపై చేయి గల బొమ్మను తెచ్చి ఆమె యొడిలో నుంచెను. ఆనాడు వాడేడ్వలేదు, ఆమె యేడ్చినది.