నొప్పి లేని జబ్బుకు దూరపు స్నేహితులు

హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల ఆరోగ్యం ఎలా ఉందో తెలుసుకోవడానికి రెండు అధ్యయనాలు చాలు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2023లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు సగం మందికి మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నట్టు తేలింది. నడుము చుట్టుకొలత, బీపీ, షుగరు, ట్రైగ్లిజరైడ్లు, మంచి కొలెస్ట్రాల్ అనే ఐదింటిలో కనీసం మూడు గాడి తప్పితే దాన్ని ఆ పేరుతో పిలుస్తారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో వెల్లడించిన ఫలితాలు ఇంకా కలవరపెట్టేవి. వాళ్లలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు చేరింది, 71 శాతం మందికి ఊబకాయం ఉంది. ఫ్యాటీ లివర్ మొదటి దశలో నొప్పి ఉండదు, పచ్చకామెర్లు రావు, ఆకలి తగ్గదు. ముప్పై ఏళ్ల మనిషి తనంతట తానుగా ఆసుపత్రికి వెళ్లే కారణమే కనిపించదు. అలాంటప్పుడు ‘నేనూ ఒకసారి స్కాన్ చేయించుకోవాలి’ అన్న ఆలోచన ఎక్కడి నుంచి వస్తుంది? చాలామందికి ఫోన్‌లో ఉన్న స్నేహితుల నుంచే వస్తుంది. వాళ్లతో సాగే మాటల్ని కాలక్షేపం కబుర్లని తీసిపారేయడం తప్పని నా వాదన.

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి హాస్టళ్లలో ఉండే కుర్రవాళ్లకు, అమ్మాయిలకు ఒంట్లో బాగోలేదని చెప్పుకోవడానికి ఎవరున్నారో ఆలోచించండి. ఆఫీసులో చెబితే అప్రైజల్ మీద ప్రభావం పడుతుందేమోనన్న భయం. ఇంటికి ఫోన్ చేసి చెబితే ఖమ్మంలోనో కాకినాడలోనో ఉన్న అమ్మకు ఆ రాత్రి నిద్ర పట్టదు. సంబంధాలు చూస్తున్న రోజులైతే థైరాయిడ్, పీసీఓడీ అన్న మాట గడప దాటకూడదంటారు. రూమ్మేటా, ఆరు నెలలకొకరు మారిపోతారు. ఇక మిగిలింది ఇంజినీరింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపు, ఆన్‌లైన్ ఆటలో పరిచయమైన విశాఖ మిత్రుడు, డల్లాస్‌లో ఉన్న పాత క్లాస్‌మేట్. ఇక్కడ షిఫ్టు ముగిసి రాత్రి పదకొండు దాటే వేళకు డల్లాస్‌లో లంచ్ టైమ్. ‘లివర్ టెస్టులో ఎస్‌జీపీటీ 78 వచ్చిందిరా, ఏం చేయాలి?’ అని రిపోర్టు ఫొటో పెడితే, ‘నాకూ పోయిన ఏడాది అంతే వచ్చింది, అల్ట్రాసౌండ్ చేయించు, పొద్దున్నే నడక మొదలుపెట్టు’ అని జవాబు వస్తుంది. ఆ స్నేహితుడికి మన జీతంతో పని లేదు, మన పెళ్లితోనూ పని లేదు. అందుకే అతని ముందు దాచాల్సిన అవసరమూ ఉండదు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, కొత్త సమాచారం మనకు దగ్గరివాళ్లకంటే ఎక్కువగా దూరపు పరిచయస్తుల ద్వారానే అందుతుందని చూపించాడు. ఆయన ఉద్యోగాల గురించి చెప్పిన ఆ మాట జబ్బుల విషయంలోనూ నిజమేనని నాకు అనిపిస్తుంది.

డాక్టర్లు దీనికి గట్టిగా అభ్యంతరం చెబుతారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. విటమిన్ డి సంగతే చూడండి. అరవై వేల యూనిట్ల సాషే సాధారణంగా వారానికొకటి చొప్పున కొన్ని వారాల పాటు రాసే మందు. ‘నేను వాడాను, నీరసం పోయింది’ అన్న ఒక్క మెసేజ్ చూసి దాన్ని రోజూ తాగితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతినే ప్రమాదముంది. థైరాయిడ్ మాత్ర మోతాదు టీఎస్‌హెచ్ బట్టి, బరువు బట్టి మారుతుంది. ఒకరికి సరిపోయింది ఇంకొకరికి గుండెదడ తెప్పించవచ్చు. కాబట్టి స్నేహితులు చెప్పదగింది అనుభవం, చెప్పకూడనిది మోతాదు. ‘ఏ మాత్ర వేసుకున్నావు?’ అని అడిగేవాళ్లు ‘ఏ టెస్టు చేయించావు, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లావు?’ అని అడగడం మొదలుపెడితే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. ఛాతీలో నొప్పి, మాట తడబడటం, ఒక పక్క చెయ్యి పడిపోవడం లాంటివైతే మెసేజ్ టైప్ చేస్తూ కూర్చోకండి. 2005లో ఇదే హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ అందుకే ఉంది. అంతమాత్రాన ఈ కబుర్లన్నీ మానుకోమనడం సరికాదు. స్నేహితుణ్ని అడగనివాడు నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్తాడన్న నమ్మకం లేదు. మెడికల్ షాపులో అడుగుతాడు, లేదంటే అసలు ఎవరినీ అడగడు.

ఇంకో విమర్శ నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఒకరి బాధ ఒకరు వింటూ అందరూ అక్కడే కూరుకుపోతారంటారు. మనస్తత్వ శాస్త్రవేత్త అమాండా రోజ్ 2002లో పిల్లల స్నేహాల మీద చేసిన అధ్యయనం ఈ అనుమానాన్ని బలపరుస్తుంది. ఒకే సమస్యను పదే పదే తిప్పి మాట్లాడుకునే స్నేహితుల మధ్య దగ్గరతనమూ ఎక్కువే, దిగులూ ఎక్కువేనని ఆమె గమనించారు. దీనికి మందు ఆ మాటల్లోనే ఉంది, అవి చేతల్లోకి మారితే చాలు. ఫ్యాటీ లివర్‌లో శరీరం బరువు ఐదు శాతం తగ్గినా కాలేయంలో కొవ్వు తగ్గుతుంది, ఏడు నుంచి పది శాతం తగ్గితే వాపు కూడా తగ్గుముఖం పడుతుంది. ఒకరి మెసేజ్‌తో ఇంకొకరు లిఫ్టు వదిలి మెట్లెక్కినా, రాత్రి బిర్యానీ ఆర్డర్ మానుకున్నా ఆ స్నేహం దిగులు పెంచినట్టు కాదు, మేలు చేసినట్టు. అయితే రిపోర్టు ఫొటో పెట్టేముందు దానిమీద ఉన్న పేరు, వయసు, ఆసుపత్రి నంబరు కత్తిరించండి. సహోద్యోగులున్న గ్రూపులో అసలు పెట్టకండి.

ఉద్యోగులు తమ ఆరోగ్యం గురించి ఆఫీసులో నోరు విప్పలేకపోవడం మాత్రం కంపెనీలు సరిదిద్దుకోవాల్సిన లోపం. హెల్త్ చెకప్ ఫలితాలు ఉద్యోగికి తప్ప మేనేజరుకు చేరవన్న హామీ రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇక మనసు బాగోలేదని రాసే మిత్రులకు ఇవ్వడానికి ఒక నంబరు ఫోన్‌లో సేవ్ చేసుకోండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఈసారి మీ గ్రూపులో ఎవరైనా రిపోర్టు పెడితే ‘టేక్ కేర్’ అని వదిలేయకండి. అపాయింట్‌మెంట్ తీసుకున్నావా అని అడగండి, రెండు రోజులాగి వెళ్లావా అని మళ్లీ అడగండి.