నమూనా రైళ్లు: ఏ స్కేలు మనకు తగును?

హైదరాబాదు నగరమున హైటెక్ సిటీ అను పేరుగల స్టేషన్లు రెండు కలవు. ఒకటి 1874లో తెరవబడిన సికిందరాబాదు–వాడి మార్గముపై, బోరబండకును హఫీజ్‌పేటకును నడుమ నున్నది. 2003 నుండి ఆ మార్గమున ఎం.ఎం.టి.ఎస్. బండ్లు నడచుచున్నవి. రెండవది 2019 మార్చిలో ప్రారంభమైన మెట్రో స్టేషను. నిత్యము రెంటను ప్రయాణించువారు సైతము గమనింపని భేదమొకటి వీని నడుమ కలదు. ఎం.ఎం.టి.ఎస్. నడచు పట్టాల నడిమి వెడల్పు 1,676 మిల్లీమీటర్లు, ఇది బ్రాడ్‌గేజి. మెట్రో పట్టాలది 1,435 మిల్లీమీటర్లే, ఇది స్టాండర్డ్‌గేజి. ఇంటిలో బల్లమీద నమూనా రైలును నడుపగోరువారికి ఈ జానెడు భేదమే మొదటి పాఠము.

స్కేలు, గేజి అను మాటలను పలువురు ఒకే అర్థమున వాడుదురు. స్కేలనగా నమూనా అసలు బండిలో ఎన్నవ వంతో తెలుపు లెక్క. గేజి యనగా పట్టాల లోపలి అంచుల నడిమి దూరము. ప్రపంచమున మిక్కిలి ప్రచారములో నున్నది హెచ్.ఓ. స్కేలు. ఇది 87వ వంతు. పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. ‘ఓ’ అను పెద్ద స్కేలులో సుమారు సగమగుటచే దీనికి ‘హాఫ్ ఓ’ అని పేరు వచ్చినది. ఎన్. స్కేలు 160వ వంతు. పట్టాలు 9 మిల్లీమీటర్లు. జర్మనీలోని మార్క్‌లిన్ సంస్థ 1972లో వెలువరించిన జెడ్. స్కేలు 220వ వంతు, పట్టాలు 6.5 మిల్లీమీటర్లు.

ఈ పట్టాలన్నియు స్టాండర్డ్‌గేజిని ఉద్దేశించి నిర్ణయింపబడినవి. 1,435ను 87చే భాగించినచో 16.5 వచ్చును. కనుక మన మెట్రో బండిని హెచ్.ఓ.లో చేసినచో అంగడిలో దొరకు పట్టాలు చక్కగా సరిపోవును. ఎం.ఎం.టి.ఎస్. బండికైనచో 19 మిల్లీమీటర్లకు పైగా వెడల్పు కావలెను. దానిని 16.5 పట్టాలపై నిలిపినపుడు దేహము విశాలమై పాదములు దగ్గరగా చేరినట్లు కనిపించును. ఆ లోపము సహింపనివారు పట్టాలను, ఇరుసులను స్వయముగా తయారు చేసికొనవలసినదే. కాని ఇందుకు నిరుత్సాహపడ పనిలేదు. బ్రిటనులో ఇంజన్లు చిన్నవగుటచే 87వ వంతు నమూనాలో మోటారు ఇముడుట కష్టమై, దేహమును మాత్రము 76వ వంతుకు పెంచి పట్టాలను 16.5 గానే ఉంచిరి. ‘డబుల్ ఓ’ అను ఆ రాజీతో అచటివారు దశాబ్దములుగా సంతోషముగా రైళ్లు నడుపుకొనుచున్నారు.

గేజి విషయమున రాజీ పడవచ్చును. స్థలము విషయమున వీలుపడదు. పెరంబూరు ఐ.సి.ఎఫ్. వారి ప్రయాణికుల పెట్టె పొడవు సుమారు 21.3 మీటర్లు. హెచ్.ఓ.లో అది 24.5 సెంటీమీటర్లు, ఎన్.లో 13.3 సెంటీమీటర్లు అగును. బండి వంపులో చూడముచ్చటగా తిరుగవలెనన్న, వంపు వ్యాసార్ధము పెట్టె పొడవునకు మూడు రెట్లుండవలెనని అనుభవజ్ఞుల లెక్క. ఆ ప్రకారము హెచ్.ఓ.లో ఒక పూర్తి చుట్టునకు మీటరున్నరకు మించిన వెడల్పుగల బల్ల కావలెను. ఎన్.లో ఒక తలుపురెక్క వెడల్పు చాలును. మాదాపూరు, కొండాపూరుల అపార్టుమెంట్లలో నివసించువారికి ఈ తేడా సామాన్యమైనది కాదు.

మేము మొదట ఇంజనును కొని, పిదప గదిని కొలిచితిమి. ఆ హెచ్.ఓ. ఇంజను నేటికిని మా పుస్తకముల బీరువాలో కదలక నిలిచియున్నది. ఈ వినోదము పలువురి యిండ్లలో ఆరంభమునందే ఆగిపోవుటకు ఇట్టి తొందరయే కారణమని మా నమ్మకము.

కావున వెల అడుగుటకు ముందు సుద్దముక్కను చేతబట్టుడు. గది నేలపై వంపును గీయుడు. చుట్టును నడచుటకు చోటు మిగులునో లేదో చూడుడు. చిన్నపిల్లల చేతులకును, చూపు మందగించిన పెద్దలకును హెచ్.ఓ. అనుకూలము. చిన్న గదిలో పొడవైన బండి కావలెనన్న ఎన్. మేలు. మీకు ప్రియమైన బండి ఏ స్కేలులో దొరకునో ముందే విచారింపుడు. ఒకసారి నిశ్చయించిన పిదప వేరు స్కేలు వస్తువు ఎంత చవుకగా దొరికినను ముట్టకుడు. చిన్నదైనను, ఇంటిలో తిరుగు రైలే రైలు.