విజ్ఞాన సర్వస్వమున శశిరేఖకు చోటు

ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు పూనుకొనిన కొమర్రాజు లక్ష్మణరావుగారు 1923లో కీర్తిశేషులగునాటికి తెలుగు మాటలాడు చలనచిత్రమే లేదు. కావున జానపద గాథను గూర్చిన వ్యాసమున సినిమా ప్రసక్తి తగునా అను చిక్కు వారికి ఎదురుకాలేదు. మనకు తప్పదు.

శశిరేఖనే చూడుడు. వ్యాసభారతమున బలరామునకు అట్టి కుమార్తె లేదు, కవిత్రయమునందును కానరాదు. అందు అభిమన్యుని భార్య ఉత్తర. ఘటోత్కచుడున్నాడు గాని, అతడు కర్ణుని శక్తికి కూలినవాడే తప్ప పెండ్లికూతురి వేషము వేసినవాడు కాడు. ఈ కథ జనుల నోట పెరిగి, సురభివారి రంగస్థలమెక్కినది. మహారాష్ట్రులు ఆమెను వత్సల యందురు. 1957లో కె. వి. రెడ్డిగారి ‘మాయాబజార్’ వచ్చిన పిదప తెలుగువారి ఇంటింట ఆమె భారతములోని పిల్లయే యైనది. చిత్రమును విడిచి వ్రాసినచో ఈ భ్రమ యెట్లు తొలగును?

జపానులోను ఇంతే. తొరియామా సెకియెన్ 1776లో కప్పా మొదలగు భూతములకు బొమ్మలు గీసెను. నాటి వినోదగ్రంథము నేడు పండితులకు ఆధారము! పిమ్మటి సంపుటములలో అతడు స్వయముగా కల్పించిన భూతములు సైతము జానపదములో కలిసిపోయినవి.

అట్లని పేరు వాడుకొన్న ప్రతి చిత్రమును చేర్చరాదు. యూసుఫ్‌గూడ చెంత సారథీ స్టూడియోలో ఎందరు ఘటోత్కచులు గద పట్టిరో లెక్కించుట సర్వస్వకారుని పని గాదు. కథను మార్చిన కృతికే చోటు. అదియు మూలమునకు, నోటి కథకు, నాటకమునకు పిమ్మట, సంవత్సరముతో సహా.