నిప్పురవ్వలకు హాజరు పట్టీ

సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు కబురు చేశారు. కథలూ కవితలూ నాకు చేతకావు గనుక నా బతుకుతెరువు గురించే రాస్తున్నాను. హాస్టల్‌కి వచ్చినప్పుడల్లా తమ్ముళ్ళు అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, సినిమాలో ఆ మంటలు, దుమ్ము కంప్యూటర్లో ఎలా చేస్తారు?" జవాబులో ఒక ముక్క ఇది.

మంటకూ పొగకూ అంచులు ఉండవు, క్షణానికో ఆకారం. వాటిని బొమ్మలా గీయడం కుదరదు. అందుకని వేలకొద్దీ చుక్కలను పుట్టించి, ఒక్కోదానికి వేగం, రంగు, ఆయుష్షు ఇచ్చి వదులుతారు. వీటినే పార్టికల్స్ అంటారు. 1982లో వచ్చిన స్టార్ ట్రెక్ రెండో సినిమాలో ఒక గ్రహం మీద మంటల గోడ పాకే దృశ్యం ఇలాగే చేశారు. ఆ పద్ధతిని విలియం రీవ్స్ 1983లో వ్యాసంగా ప్రచురించారు. ఆయన చుక్కలన్నిటినీ ఒకే కుప్పగా పోయలేదు. ఒక పెద్ద వ్యవస్థ చిన్న వ్యవస్థలను పుట్టిస్తుంది, ఆ చిన్నవి చుక్కలను పుట్టిస్తాయి. అంటే గుంపులుగా విడగొట్టి నడపడం అనే ఆలోచన ఈ విద్య పుట్టినప్పటి నుంచీ ఉంది.

నేను పనిచేసేది హౌడినీ అనే సాఫ్ట్‌వేర్‌లో. టొరంటోలోని సైడ్ ఎఫెక్స్ కంపెనీ చేసింది. మనకు తెలిసిన భోగిమంటనే తీసుకుందాం. మంటలోంచి నిప్పురవ్వలు లేస్తాయి. కొన్ని గాలిలోనే ఆరిపోతాయి, కొన్ని నేల మీద పడి బూడిదవుతాయి, కొన్ని పక్కనున్న పాక కప్పు మీద పడి రాజుకుంటాయి. మూడింటికీ మూడు రకాల నడవడిక కావాలి. సెకనుకు 5,000 రవ్వలు పుట్టించి, ఒక్కోదానికి 2 సెకన్ల ఆయుష్షు ఇస్తే, మొదటి 2 సెకన్లు దాటాక ఎప్పుడు చూసినా 10,000 రవ్వలు బతికి ఉంటాయి. ఒక్కోదానికి విడిగా ఎవరు చెబుతారు? అందుకే గ్రూపులు. నేలను తాకినవి ఒక గ్రూపు, కప్పును తాకినవి ఇంకో గ్రూపు. "ఈ గ్రూపు వాళ్ళు నల్లబడండి" అని ఒక్క మాట చెబితే చాలు.

మన హాస్టల్లో ఒకే కుర్రాడు పదో తరగతిలోనూ, మెస్ కమిటీలోనూ, కబడ్డీ జట్టులోనూ ఉన్నట్టు ఒకే రవ్వ నాలుగు గ్రూపుల్లో ఉండొచ్చు. అయితే గ్రూపు చెప్పేది ఉన్నాడా లేడా అన్నంతవరకే. ఎంత వేడిగా ఉంది, ఎంత వయసు అనే లెక్కలు రవ్వ మీద వేరుగా రాసి ఉంటాయి, వాటిని యాట్రిబ్యూట్లు అంటారు. కొత్తవాళ్ళు వేడి ఎక్కువ, వేడి తక్కువ, మరీ తక్కువ అని పది గ్రూపులు చేసేస్తారు. అక్కడ ఒక్క అంకె సరిపోతుంది.

ఇక నా సంగతి. మొదట చేరిన స్టూడియోలో నన్ను మూడు నెలలు చూసి ఉంచుకుంటామన్నారు. 6 సెకన్ల షాట్ ఇచ్చారు. 500 రవ్వలు మిగతావాటికన్నా పెద్దగా మెరవాలి. నేను గ్రూపులో 0 నుంచి 499 వరకు అని నంబర్లు కొట్టేశాను. మొదటి 48 ఫ్రేములు, అంటే 2 సెకన్లు, చూసుకుంటే బ్రహ్మాండంగా ఉంది. రాత్రంతా రెండర్ పెట్టి వెళ్ళాను. పొద్దున్న అందరి ముందూ తెర మీద చూస్తే, 2 సెకన్లు దాటగానే ఆరిపోబోయే ప్రతి రవ్వా ఉన్నట్టుండి ఉబ్బి, మెరిసి, మాయమవుతోంది! ఎవరో నవ్వారు కూడా. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

కారణం కనుక్కోవడానికి మధ్యాహ్నమైంది. నేను వాడిన నంబరు హాజరు పట్టీలో వరస నంబరు లాంటిది. ముందున్నవాడు టీసీ తీసుకుని వెళ్ళిపోతే వెనకవాళ్ళంతా ఒక్కో నంబరు ముందుకు జరుగుతారు. రవ్వ చనిపోయినప్పుడు కూడా అంతే. కొత్తవి చివర చేరతాయి గనుక, 0 నుంచి 499 వరకు ఎప్పుడూ ఉండేది ముసలి రవ్వలే. 2 సెకన్ల దాకా ఏదీ చావలేదు గనుక తప్పు కనబడలేదు. హాస్టల్లో అడ్మిషన్ నంబరు ఎప్పటికీ మారనట్టే, ప్రతి రవ్వకూ పుట్టగానే ఐడీ అని ఒకటి వస్తుంది. దాన్ని ఆధారం చేసుకుని, ఇరవైలో ఒకటి చొప్పున చీటీ తీసినట్టు గ్రూపులో వేశాను. పెద్ద రవ్వ పుట్టినప్పటి నుంచి పోయేదాకా పెద్దదిగానే ఉంది. సాయంత్రానికి షాట్ ఓకే అయింది, మూడు నెలల తర్వాత నన్నూ ఉంచుకున్నారు.

నేర్చుకోవాలనుకునే తమ్ముళ్ళు ముందే ఫీజులకు అప్పులు చేయకండి. హౌడినీకి అప్రెంటిస్ అనే ఉచిత వెర్షన్ ఉంది. బొమ్మ మీద వాటర్‌మార్క్ పడుతుంది, వ్యాపారానికి వాడకూడదు. కంప్యూటర్ మాత్రం కాస్త గట్టిది కావాలి. గ్రూపులకు గ్రూప్1, గ్రూప్2 అని పెట్టకుండా "నేల తాకినవి" అని తెలిసే పేరు పెట్టండి. పేరులో ఖాళీ ఉంటే ఒప్పుకోదు, అండర్‌స్కోర్ వాడాలి. మన ట్రంకుపెట్టెలన్నీ ఒకే రంగువి. పేరు రాయించుకోని రోజుల్లో ఎవరి పెట్టె ఎవరు తెరిచారో సీనియర్లకు గుర్తుండే ఉంటుంది.