అల్జీమర్స్ వ్యాధి వంశపారంపర్యమా?

వృద్ధులైన తల్లిదండ్రులకు అల్జీమర్స్ వచ్చిన ఇళ్లలో “రేపు మాకూ ఇదే గతియా?” అన్న శంక పిల్లలను లోలోపల తొలుస్తూ ఉంటుంది. పెళ్లి సంబంధాలకు అడ్డు వస్తుందేమోనని పెద్దల వ్యాధిని దాచిపెట్టేవారూ ఉన్నారు. ఆ బెంగకు ఆధారమెంతో చూద్దాం.

అరవై అయిదేండ్లు దాటిన పిమ్మట వచ్చే అల్జీమర్స్‌కు సంబంధించి తెలిసినవాటిలో ముఖ్యమైనది ‘ఏపీఓఈ’ అనే జన్యువు. కొలెస్టరాల్ వంటి కొవ్వులను మోసుకొనిపోయే ఒక ప్రోటీన్ దీనివల్ల తయారవుతుంది. ఇ2, ఇ3, ఇ4 అని దీనికి మూడు రూపాలు. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి చొప్పున ప్రతివారికీ రెండు ప్రతులు సంక్రమిస్తాయి. అత్యధికులలో ఉండేది ఇ3. ఇ2 కొంత రక్షణ నిస్తుంది. చిక్కంతా ఇ4తోనే. దానికీ ఈ వ్యాధికీ గల సంబంధాన్ని 1993లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వెల్లడించారు. మెదడులో పేరుకొనే అమిలాయిడ్ అనే పదార్థాన్ని తొలగించడంలో ఇ4 వెనుకబడుతుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

ఇ4 ప్రతి ఒకటి ఉంటే ముప్పు సుమారు మూడు రెట్లు, రెండూ అవే అయితే ఎనిమిది నుండి పన్నెండు రెట్లు అని ఐరోపా సంతతివారిపై జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. రెట్ల లెక్క వినగానే గుండె జారనక్కరలేదు. ఇ4 ఉండీ తొంభై ఏండ్లు దాటి చక్కని జ్ఞాపకశక్తితో జీవించినవారున్నారు. అది లేకుండానే వ్యాధికి లోనైనవారూ ఉన్నారు. పైగా తల్లికి ఒక్క ప్రతి ఉంటే, అది బిడ్డకు సంక్రమించే అవకాశం సగమే. హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతంలో జరిగిన అధ్యయనంలో ఇ4 అమెరికాలో కన్న తక్కువగా కనిపించింది. అయితే, ఉన్నవారిలో వ్యాధితో దానికి గల సంబంధం మాత్రం ఇక్కడా అక్కడా ఒకే తీరు.

నలభై, యాభై ఏండ్లకే వ్యాధి వచ్చిన కుటుంబాల సంగతి వేరు. వాటిలో కొన్నింట అరుదైన వేరే జన్యుదోషాలు ఉంటాయి. వారు జన్యు వైద్యనిపుణులను సంప్రదించాలి.

మరి పరీక్ష చేయించుకోవాలా? లక్షణాలేవీ లేనివారికి వైద్యులు సాధారణంగా దీనిని సూచించరు. డీఎన్ఏ నిర్మాణాన్ని కనుగొన్నవారిలో ఒకరైన జేమ్స్ వాట్సన్ అంతటివారు 2007లో తమ జన్యుక్రమమంతా లోకానికి వెల్లడించి, ఈ ఒక్క జన్యువు సంగతి మాత్రం తమకు తెలుపవద్దన్నారు! వ్యాధి తొలిదశలో అమిలాయిడ్‌ను తొలగించే కొత్త మందులు వాడదలచినప్పుడు మాత్రం పరీక్ష అవసరం. ఇ4 ఉన్నవారికి ఆ మందులవల్ల మెదడులో వాపు, రక్తస్రావం కలిగే ప్రమాదం హెచ్చు.

జన్యువును మార్చుకోలేము గాని, సవరించుకోదగిన కారణాలు 14 ఉన్నాయనీ, మతిభ్రంశ వ్యాధులలో దాదాపు 45 శాతానికి వాటితో సంబంధమున్నదనీ 2024 నాటి లాన్సెట్ కమిషన్ నివేదిక తెలిపింది. రక్తపోటు, మధుమేహం, పొగత్రాగడం అందులోనివే. వినికిడి లోపం కూడా ఆ జాబితాలో ఉన్నది. “వయసు మీద పడింది, చెవుడు సహజమే” అని మన ఇళ్లలో దానిని పట్టించుకొనడం తక్కువ. చెవి వైద్యునికి చూపించి, అవసరమైతే పెద్దలకు వినికిడి యంత్రం అమర్చవచ్చు.